మూలకణాల నుంచి ఇన్సులిన్ కణాలు: వార్త నిజమే, మరి మా ఇంటికొచ్చిన బేరం సంగతేమిటి?

కొర్లగుంట నాన్న:

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, కొర్లగుంట. మా పాపకు 11 ఏళ్లు. నాలుగు నెలల క్రితం విపరీతమైన దాహంతో, రాత్రి నాలుగైదు సార్లు మూత్రానికి లేస్తూ, చూస్తుండగానే చిక్కిపోతుంటే ఆసుపత్రికి తీసుకువెళ్లాము. టైప్-1 మధుమేహమని తేల్చారు. అప్పటినుంచి రోజుకు నాలుగు సూదులు వేస్తున్నాము. పాప బరువు ఇప్పుడు 32 కిలోలు. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజున మొత్తం 28 యూనిట్లు పట్టేవి, ఇప్పుడు 12 యూనిట్లే సరిపోతున్నాయి.

గత వారం ఒక పెద్ద నగరంలోని క్లినిక్ తరఫున ఒకాయన మా ఇంటికి వచ్చారు. పొట్ట దగ్గరి కొవ్వులోంచి మూలకణాలు తీసి, శుద్ధి చేసి, సెలైన్‌లాగా నరానికి ఎక్కిస్తే అవి క్లోమానికి చేరి ఇన్సులిన్ తయారుచేసే కణాలుగా మారతాయని చెప్పారు. మూడు విడతలకు ఆరు లక్షల రూపాయలట. అమెరికాలో 12 మందిలో 10 మంది సూదులు మానేశారన్న పత్రికా వార్తను ఫోనులో చూపించారు. దామలచెరువు దగ్గర మాకు రెండెకరాల మామిడి తోట ఉంది, దాన్ని అమ్మైనా వైద్యం చేయించాలని మా నాన్నగారు పట్టుబడుతున్నారు. ఆ వార్త నిజమేనా? నిజమైతే ఈయన చెబుతున్న చికిత్స అదేనా? తెలిసినవారు దయచేసి చెప్పండి.

నిర్వాహకులు:

పై సందేశంలోని క్లినిక్ పేరు, ఫోను నంబరు తొలగించాము. చర్చను విషయానికే పరిమితం చేయవలసిందిగా సభ్యులను కోరుతున్నాము.

చిత్తూరు మాస్టారు:

నాన్నగారికి నమస్కారం. నేను ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పి విరమించాను. చికిత్స గురించి తీర్పు చెప్పే అర్హత నాకు లేదు గానీ, ఈ ప్రయత్నం ఎందుకు మొదలైందో చెప్పగలను.

క్లోమంలో లాంగర్‌హాన్స్ పుటికలు అనే చిన్న చిన్న కణాల గుంపులు సుమారు పది లక్షలు ఉంటాయి. అన్నీ పోగు చేసినా క్లోమం బరువులో ఒకటి రెండు శాతమే. 1869లో పాల్ లాంగర్‌హాన్స్ అనే వైద్యవిద్యార్థి వీటిని సూక్ష్మదర్శినిలో చూసి వర్ణించాడు గానీ, అవి ఏం పని చేస్తాయో అతనికి అంతుపట్టలేదు. ఆ పుటికలలోని బీటా కణాలే ఇన్సులిన్ తయారుచేస్తాయి. మీ పాప శరీరంలో జరిగినది ఏమిటంటే, బయటి క్రిములను చంపవలసిన రోగనిరోధక వ్యవస్థ తన సొంత బీటా కణాలను శత్రువులుగా పొరబడి చంపివేయడం. ఇందులో మీరు పెట్టిన తిండి తప్పు గానీ, పాప తిన్న తీపి తప్పు గానీ ఏమీ లేదు. ఈ మాట మీ ఇంట్లో పెద్దవాళ్లకు కూడా చెప్పండి.

పోయిన కణాలను తిరిగి పెడితే సరిపోదా అన్న ఆలోచన పాతదే. 2000లో కెనడాలోని ఎడ్మంటన్‌లో జేమ్స్ షపీరో బృందం, మరణించిన దాతల క్లోమాల నుంచి పుటికలను వేరుచేసి ఏడుగురు రోగుల కాలేయంలోకి ఎక్కించింది. ఏడుగురూ ఇన్సులిన్ సూదులు మానగలిగారు. అయితే ఒక్కొక్క రోగికి ఇద్దరు, ఒక్కోసారి ముగ్గురు దాతల క్లోమాలు కావలసివచ్చాయి. ఐదేళ్లు గడిచేసరికి సూది లేకుండా నిలబడినవారు పదిమందిలో ఒక్కరే. దాతలు దొరకడమే గగనమైన చోట ఈ దారి ఎంతమందికి ఆసరా అవుతుంది? అందుకే దాతతో పని లేకుండా, కావలసినన్ని కణాలను ప్రయోగశాలలోనే తయారుచేయాలన్న పంతం పుట్టింది. ఇంకో ఐదేళ్లలో మన ఆసుపత్రులలోనే ఇది దొరుకుతుందని నా నమ్మకం.

కణాల వంటగది:

నేను తిరుపతిలోనే ఒక ప్రయోగశాలలో మూలకణాలను పెంచే పని చేస్తాను. మధుమేహం నా పరిశోధనాంశం కాదు, కానీ కణాలను పెంచే పద్ధతి తెలుసు కనుక నాన్నగారి రెండు ప్రశ్నలకూ సూటిగా జవాబు చెబుతాను. వార్త నిజం. మీకు చెప్పిన చికిత్స అది కాదు, దానికి దూరపు చుట్టం కూడా కాదు.

మొదట నిజమైన పద్ధతి. శరీరంలోని ఏ కణంగానైనా మారగల మూలకణాలు రెండు విధాలుగా దొరుకుతాయి. ఒకటి, 1998లో జేమ్స్ థామ్సన్ వేరుచేసిన మానవ పిండ మూలకణాలు. రెండు, షిన్యా యమనాకా కనుగొన్న మార్గం. ఆయన 2006లో ఎలుక కణాలను, 2007లో మనిషి చర్మకణాలను నాలుగు జన్యువుల సాయంతో మళ్లీ మూలకణ స్థితికి తెచ్చారు. అందుకు 2012లో నోబెల్ బహుమతి వచ్చింది. అయితే మూలకణం దానంతటదే బీటా కణం కాదు. గర్భంలో పిండానికి క్లోమం ఏర్పడేటప్పుడు ఏయే సంకేతాలు ఏ వరుసలో అందుతాయో, అవే సంకేతాలను అదే వరుసలో గాజుపాత్రలో అందించాలి. ముందు యాక్టివిన్-ఏ అనే ప్రొటీనుతో కణాలను అంతస్త్వచంగా మార్చాలి, అంటే పేగులు, కాలేయం, క్లోమం పుట్టే పొరగా. తర్వాత ఆది ఆహారనాళపు కణాలుగా, ఆ తర్వాత పీడీఎక్స్-1, ఎన్‌కేఎక్స్-6.1 అనే గుర్తులు మోసే క్లోమ పూర్వకణాలుగా, చివరికి గ్లూకోజును పసిగట్టే కణాలుగా నడిపించాలి. ఆరేడు అంచెలు, నెలకు పైగా కాలం. లడ్డూకి పాకం పట్టే వాళ్లకు నేను చెప్పేది తేలికగా అర్థమవుతుంది. తీగపాకం దగ్గర దింపవలసింది ఒక్క నిమిషం ఆలస్యమైతే చేతికి వచ్చేది ఇంకేదో. ఇక్కడ ఒక రోజు తేడా వస్తే కాలేయ కణాలో, పేగు కణాలో తయారై కూర్చుంటాయి.

2006లో అమెరికాలోని నోవోసెల్ సంస్థ ఇన్సులిన్ ఉన్న కణాలను తయారుచేసింది గానీ, వాటిలో చాలా కణాలు ఇన్సులిన్‌తో పాటు వేరే హార్మోన్లను కూడా కలగాపులగంగా మోసేవి, గ్లూకోజు పెరిగినా తగిన రీతిలో స్పందించేవి కావు. గ్లూకోజుకు స్పందించే కణాలు పెద్ద మొత్తంలో రావడానికి 2014 దాకా ఆగవలసి వచ్చింది. ఆ ఏడాది హార్వర్డ్‌లో డగ్లస్ మెల్టన్ బృందం, వాంకూవర్‌లో టిమొథీ కీఫర్ పాల్గొన్న బృందం విడివిడిగా ఆ పని సాధించాయి. మెల్టన్ ఈ రంగానికి రావడానికి కారణం మీలాంటిదే. 1991లో ఆయన కొడుకు శామ్‌కు ఆరు నెలల వయసులోనే టైప్-1 వచ్చింది, తర్వాత కూతురు ఎమ్మాకూ వచ్చింది. ఇద్దరి పేర్లూ కలిపి తన సంస్థకు సెమ్మా అని పెట్టుకున్నాడు. 2019లో దాన్ని వెర్టెక్స్ సంస్థ 95 కోట్ల డాలర్లకు కొన్నది. మీరు చూసిన వార్త ఆ కణాలదే. వాటి పేరు జిమిస్లెసెల్. పూర్తి మోతాదు 80 కోట్ల కణాలు, కాలేయానికి వెళ్లే నిర్వాహక సిరలోకి ఒక్కసారి ఎక్కిస్తారు. 2025 జూన్‌లో వెలువడిన ఫలితాల ప్రకారం పూర్తి మోతాదు అందుకున్న 12 మందిలో 10 మంది ఏడాది తర్వాత ఇన్సులిన్ సూది లేకుండా ఉన్నారు.

ఇక మీ ఇంటికొచ్చిన బేరం. కొవ్వు నుంచి తీసేవి మీసెంకైమల్ కణాలు. అవి ఎముక, మృదులాస్థి, కొవ్వు కణాలుగా మారగలవు. వాటిని ఊరికే నరానికి ఎక్కిస్తే బీటా కణాలు కావు. అసలు అవి క్లోమం దాకా చేరడమే కష్టం, ఎందుకంటే నరం ద్వారా ఎక్కించిన కణాలలో ఎక్కువ భాగం ముందుగా ఊపిరితిత్తుల సన్నని రక్తనాళాలలోనే చిక్కుకుంటాయి. ఆరేడు అంచెలలో, నెలకు పైగా, రోజూ కనిపెట్టుకుని ఉంటే తప్ప జరగని మార్పు సెలైన్ సీసాలోంచి దిగి దానంతటదే జరుగుతుందని ఎవరైనా అంటే, ఆ మనిషికి కణాల సంగతి తెలియదనైనా అనుకోవాలి, బాగా తెలిసే చెబుతున్నాడనైనా అనుకోవాలి.

కొర్లగుంట నాన్న:

ఇంత వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. ఒక్క సందేహం మిగిలిపోయింది. ఆయన ఇద్దరు పిల్లల రికార్డులు చూపించారు. ఒక బాబుకు చికిత్సకు ముందు రోజుకు 30 యూనిట్లు, రెండు నెలల తర్వాత 11 యూనిట్లు అని స్పష్టంగా రాసి ఉంది. కణాలు పనిచేయకపోతే అలా ఎలా తగ్గుతుంది?

పలమనేరు పిల్లల డాక్టరు:

నాన్నగారూ, మీ ప్రశ్నకు జవాబు మీ మొదటి సందేశంలోనే ఉంది. మీ పాపకు 28 యూనిట్ల నుంచి 12 యూనిట్లకు తగ్గింది కదా, ఏ మూలకణాలు ఎక్కించారు?

దీన్ని హనీమూన్ దశ అంటారు. వ్యాధి బయటపడే నాటికి బీటా కణాలన్నీ చచ్చిపోవు, కొన్ని మిగిలి ఉంటాయి. కానీ అప్పటికి రక్తంలో చక్కెర విపరీతంగా పెరిగి ఉండటం వల్ల ఆ మిగిలినవి కూడా సొమ్మసిల్లి ఉంటాయి. బయటి నుంచి ఇన్సులిన్ అందేసరికి వాటికి కాస్త ఊపిరి పోసినట్లవుతుంది, కొన్నాళ్లు అవి కూడా తమ వంతు ఇన్సులిన్ ఇస్తాయి. అందువల్ల సూది మోతాదు తగ్గుతుంది. కిలో బరువుకు అర యూనిట్ లోపు మోతాదు సరిపోతున్న పిల్లలలో మేము ఈ దశనే అనుమానిస్తాము, మీ పాప లెక్క కిలోకు 0.4 యూనిట్ లోపే వస్తుంది. ఇది కొందరికి కొన్ని వారాలు, కొందరికి ఏడాదికి పైగా ఉండి ఆగిపోతుంది. కొత్తగా వ్యాధి తేలిన పిల్లల ఇళ్లనే ఇలాంటి బేరగాళ్లు వెతుక్కుంటూ రావడం కాకతాళీయం కాదు. ఏం ఎక్కించినా, ఏమీ ఎక్కించకపోయినా ఆ నెలలలో మోతాదు తగ్గుతుంది, పేరు వాళ్లకు దక్కుతుంది. మళ్లీ పెరిగినప్పుడు నాలుగో విడత కావాలంటారు.

నిజంగా శరీరం ఇన్సులిన్ తయారుచేస్తోందో లేదో తెలుసుకోవడానికి సి-పెప్టైడ్ అనే పరీక్ష ఉంది. బీటా కణం ఇన్సులిన్‌ను విడుదల చేసిన ప్రతిసారీ దానితో సమానంగా సి-పెప్టైడ్‌ను కూడా విడుదల చేస్తుంది. మనం సూదితో వేసే ఇన్సులిన్‌లో అది ఉండదు. కాబట్టి రక్తంలో సి-పెప్టైడ్ కనిపిస్తే అది సొంత కణాల పనే. ఆ అమెరికా ప్రయోగంలోనివారికి మొదట్లో ఇది దాదాపు శూన్యం, కణాలు ఎక్కించిన తర్వాత కనిపించింది. అందుకే ఆ ఫలితాన్ని నమ్ముతున్నాము. మీకు చూపించిన రికార్డులలో చికిత్సకు ముందు, తర్వాత సి-పెప్టైడ్ విలువలు ఉన్నాయా? అడిగి చూడండి.

ఒక హెచ్చరిక. మోతాదు తగ్గింది కదా అని ఒక్క పూట కూడా సూది మానకండి. చికిత్స పేరుతో ఇన్సులిన్ ఆపించి, రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగి, స్పృహ లేని స్థితిలో తీసుకువచ్చిన పిల్లలను నేను చూశాను.

ఇరవయ్యేళ్ల సూది:

నేను తిరుపతిలోనే ఉంటాను. టైప్-1 వచ్చి 22 ఏళ్లయింది. నాకు వ్యాధి తేలిన రోజున కూడా డాక్టరుగారు ఐదేళ్లలో శాశ్వత చికిత్స వస్తుందనే అన్నారు. మాస్టారు గారు పెద్దవారు, నొచ్చుకోవద్దు. ఆ ఐదేళ్లు నా జీవితంలో నాలుగుసార్లు గడిచిపోయాయి.

అయినా ఈ పరిశోధనను నేను తేలికగా తీసుకోను. ఆ ప్రయోగంలో ఎవరిని చేర్చుకున్నారో చదివినప్పుడు నన్నే చూసి రాసినట్లు అనిపించింది. చక్కెర పడిపోతున్నా ఒంటికి తెలియనివారు, అలా పడిపోయి ఇతరుల సాయంతో బయటపడవలసి వచ్చిన పెద్దవాళ్లు. కొత్తలో చేతులు వణికేవి, చెమటలు పట్టేవి, ఆకలి దంచేది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ సూచనలు మొద్దుబారాయి. ఆరేళ్ల క్రితం అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతూ గాలిగోపురం దాటాక నాకేమీ తెలియలేదు. మాటలు తడబడుతున్నాయని మా చెల్లెలు గమనించి నోట్లో బెల్లం కుక్కింది. దగ్గర ఆమె లేకపోతే ఏమయ్యేదో. ఆ 12 మందిలో ఒక్కరికీ మొదటి మూడు నెలల తర్వాత అలాంటి తీవ్రమైన పతనం రాలేదని చదివాను. సూది మానడం కంటే నాకు అదే పెద్ద విషయం. సూది నొప్పి ఎప్పుడో అలవాటైపోయింది, రాత్రి పడుకుంటే పొద్దున లేస్తానా అన్న అనుమానం మాత్రం అలవాటు కాలేదు.

కానీ దానికి కట్టవలసిన మూల్యం ఉంది. కొత్త కణాలను శరీరం తిప్పికొట్టకుండా ఉండటానికి, మూత్రపిండం మార్చుకున్నవారిలాగా, రోగనిరోధక శక్తిని అణచే మందులు రోజూ వేసుకోవాలి. ఆ ప్రయోగంలో ఇద్దరు మరణించారు కూడా. ఒకరు శిలీంధ్రం సోకి మెదడు పొరల వాపుతో, మరొకరు అంతకుముందే ఉన్న మెదడు జబ్బు ముదిరి. కణాలు చంపలేదంటారు, నిజమే కావచ్చు. అయినా అణచే మందులు వేసుకునే మనిషికి సోకే జబ్బు ఎలాంటిదో మొదటి మరణం చెబుతోంది. నా స్థితిలో నేనైతే ఆలోచిస్తాను. 12 యూనిట్లతో బడికి వెళ్లి ఆడుకుంటున్న 11 ఏళ్ల పిల్లకు మాత్రం, నిజమైన చికిత్సే ఉచితంగా ఇస్తామన్నా, ఈ రోజున నేను సరే అనను.

చిత్తూరు మాస్టారు:

నొచ్చుకోలేదమ్మా. ఐదేళ్ల మాట వెనక్కి తీసుకుంటున్నాను.

బంగారుపాళెం రైతు:

నాకు రెండు అనుమానాలు. మా అబ్బాయి పుట్టినప్పుడు బొడ్డుతాడు రక్తాన్ని దాచిపెట్టడానికి ఒక కంపెనీకి డబ్బు కట్టాము. రేపు వాడికి షుగరు వస్తే దాంట్లోంచి ఈ కణాలు తయారుచేసుకోవచ్చని అప్పుడు చెప్పారు, అది నిజమేనా? రెండోది, చైనాలో ఒక అమ్మాయికి ఆమె సొంత కణాలతోనే చేశారని విన్నాను. సొంత కణాలైతే శరీరం తిప్పికొట్టదు కదా, మరి ఆ అణచే మందుల గొడవ ఎందుకు?

కణాల వంటగది:

మొదటి అనుమానానికి జవాబు చిన్నది. బొడ్డుతాడు రక్తంలోనివి ప్రధానంగా రక్తాన్ని తయారుచేసే మూలకణాలు. బీటా కణాల కోసం వాటిని దాచుకోవలసిన అవసరం లేదు, అవసరమైతే రేపు ఆ అబ్బాయి చర్మకణాల నుంచో రక్తకణాల నుంచో మొదలుపెట్టవచ్చు. పిల్లల సొంత అవసరం కోసం ఇలా దాచడాన్ని మన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కూడా సిఫారసు చేయలేదు.

రెండోది చాలా మంచి ప్రశ్న. చైనాలో డెంగ్ హాంగ్‌కుయ్ బృందం 25 ఏళ్ల యువతి కొవ్వు కణాలను తీసుకుని, జన్యువులు చొప్పించకుండా రసాయనాలతోనే వాటిని వెనక్కి తిప్పి మూలకణాలుగా చేసి, వాటి నుంచి పుటికలను తయారుచేసి, కాలేయంలో కాకుండా పొట్ట కండరపు పొర కింద పెట్టింది. 75 రోజులకు ఆమె ఇన్సులిన్ మానింది. వినడానికి మీ బేరగాడు చెప్పినట్లే కొవ్వు కణం కదా అనిపిస్తుంది. తేడా అంతా కొవ్వుకూ పుటికకూ నడుమ ప్రయోగశాలలో గడిచిన కాలంలోనే ఉంది. అయితే ఆమెకు అంతకుముందే కాలేయ మార్పిడి జరిగింది, కాబట్టి అణచే మందులు ఎలాగూ వేసుకుంటూనే ఉంది. అందువల్ల సొంత కణాలైతే మందులు అక్కరలేదన్న మాట ఆ ఒక్క ఉదాహరణతో రుజువు కాలేదు.

పైగా టైప్-1లో అసలు చిక్కు వేరే ఉంది. శరీరం బీటా కణాలను చంపింది అవి పరాయివని కాదు, బీటా కణాలని. సొంత కణాలతోనే కొత్త బీటా కణాలు తయారుచేసి పెడితే, పాత పగ గుర్తున్న రోగనిరోధక కణాలు వాటినీ వెతుక్కుంటూ రావచ్చు. పరాయితనం ఒక గొడవ, పాత పగ రెండో గొడవ. నా దృష్టిలో కణాలను తయారుచేయడం అన్న లెక్క చాలావరకు తేలింది, వాటిని కాపాడటం అన్న లెక్క తేలలేదు.

దానికి రెండు దారులు పట్టారు. ఒకటి, గ్లూకోజు, ఆక్సిజన్, ఇన్సులిన్ మాత్రమే అటూ ఇటూ పోగలిగి, రోగనిరోధక కణాలు చొరబడలేని తొడుగులో కణాలను పెట్టడం. ఎంత ఇంపైన ఆలోచన! కానీ పుటికలు ఆక్సిజన్‌కు ఆబగా ఉంటాయి, క్లోమం బరువులో ఒకటి రెండు శాతమే ఉన్నా దానికి వచ్చే రక్తంలో పది శాతానికి పైగా తాగుతాయి. తొడుగు చుట్టూ శరీరం మచ్చలాంటి గట్టి పొర కట్టుకునేసరికి లోపలివి ఊపిరాడక చచ్చిపోయేవి. వెర్టెక్స్ కూడా తన తొడుగు ప్రయోగాన్ని, సి-పెప్టైడ్ తగినంత రాలేదని, 2025 మార్చిలో ఆపివేసింది. రెండోది, కణం ఒంటిమీద ఉన్న గుర్తింపు చీటీలనే జన్యు సవరణతో తీసివేయడం. స్వీడన్‌లోని ఉప్సలాలో ఒక రోగికి అలా సవరించిన కణాలను ముంజేతి కండరంలో పెట్టి, అణచే మందు ఒక్కటి కూడా ఇవ్వకుండా చూస్తే, 12 వారాల తర్వాత కూడా అవి బతికి ఇన్సులిన్ ఇస్తున్నాయని 2025 ఆగస్టులో ప్రకటించారు. అవి మూలకణాల నుంచి చేసినవి కావు, దాత పుటికలు. మోతాదు కావాలనే తక్కువ ఇచ్చారు కనుక ఆయన సూదులు మానలేదు. అయినా ఇటీవల నేను చదివిన వాటిలో నాకు అన్నిటికంటే ఆశ కలిగించింది ఈ చిన్న ఫలితమే. ఇదే సవరణను మూలకణంలోనే చేసి, దాని నుంచి కావలసినన్ని బీటా కణాలు పండించడం తర్వాతి మెట్టు.

పలమనేరు పిల్లల డాక్టరు:

నాన్నగారు ఇంట్లో పెద్దలకు చెప్పుకోవడానికి రెండు మాటలు. మన దేశంలో ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం, కొన్ని రక్త సంబంధ వ్యాధులకు చేసే ఎముక మజ్జ మార్పిడి వంటివి తప్ప, మూలకణాలను వేరే ఏ జబ్బుకైనా వాడాలంటే అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లోనే వాడాలి. ట్రయల్ అయితే జాతీయ రిజిస్ట్రీలో నమోదు సంఖ్య ఉంటుంది, దాన్ని ఎవరైనా ఇంటర్నెట్‌లో చూసుకోవచ్చు. ప్రయోగానికి ఒప్పుకున్న రోగి దగ్గర చికిత్సకు డబ్బు తీసుకోరు. కాబట్టి ఆరు లక్షలు అడిగారంటే అది ట్రయల్ కాదు, ట్రయల్ కాకపోతే అనుమతి లేదు.

పాప ఇన్సులిన్, స్ట్రిప్పుల ఖర్చులకు, వీలైతే చక్కెరను కొలిచే సెన్సార్‌కు ఆ తోట మీద వచ్చే పంట డబ్బు వాడండి. తోట అమ్మకండి.

కొర్లగుంట నాన్న:

వారం తర్వాత రాస్తున్నాను, క్షమించాలి. ఆయనకు ఫోను చేసి రెండే ప్రశ్నలు అడిగాను. రిజిస్ట్రీ నమోదు సంఖ్య ఎంత? ఆ బాబుకు ముందూ వెనకా సి-పెప్టైడ్ ఎంత? మొదటి దానికి తమది పరిశోధన కాదు, రుజువైన చికిత్స అన్నారు. రెండో దానికి ఆ పరీక్ష పాతకాలం నాటిదన్నారు. ఈ నెలలోనే చేరితే ఒక లక్ష తగ్గిస్తామని కూడా అన్నారు. ఫోను స్పీకర్‌లో పెట్టాను కనుక మా నాన్నగారు అంతా విన్నారు. రుజువైన వైద్యానికి ఆషాఢం డిస్కౌంటు ఏమిటిరా అని లేచి వెళ్లిపోయారు.

పాపకు సి-పెప్టైడ్ చేయించాము. విలువ తక్కువే గానీ శూన్యం కాదు, డాక్టరుగారు చెప్పినట్లు కొన్ని కణాలు ఇంకా పనిచేస్తున్నాయట. ఈ పరీక్ష మళ్లీ ఎప్పుడు చేయించాలి?

పలమనేరు పిల్లల డాక్టరు:

ఆరు నెలల తర్వాత చేయించండి. ఈలోగా మోతాదు పెరుగుతూ వస్తే భయపడకండి, మీ తప్పు అనుకోకండి. అది రావలసిన మార్పే.

ఇరవయ్యేళ్ల సూది:

ఆ రిపోర్టు పారేయకుండా తేదీ వేసి దాచండి అన్నా. నాకు వ్యాధి తేలినప్పటి కాగితం ఒక్కటీ మిగల్లేదు. మొన్న ఒక డాక్టరుగారు, మొదట్లో మీకు సి-పెప్టైడ్ ఎంత ఉండేదమ్మా అని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

కొర్లగుంట నాన్న:

ఫైలు కట్టామమ్మా. మొదటి పేజీ అదే పెట్టాము. ఈ రోజు మోతాదు 13 యూనిట్లు, పాపే తన చేతితో రాసుకుంది.